మానవ మనోవిశేషములు

నిర్వచనము, పరిధి

మానవునియందు సంపూర్ణముగ వికసించి, ఇతర ప్రాణులయందు బొత్తిగ కానరాకయో, అంకురప్రాయముగ మాత్రమే కానవచ్చుచునో ఉండు చిత్తవ్యాపారములకు మానవ మనోవిశేషములని పేరు. వాక్యనిర్మాణముతో కూడిన భాష, పరుల మనస్సున నున్నదానిని ఊహించు శక్తి, జరిగినదానిని స్మరించి జరుగబోవుదానిని ముందుగ చిత్రించుకొను శక్తి, ప్రతీకలను కల్పించి వానికి కట్టుబడియుండుట, ఉద్దేశపూర్వకమగు బోధన, తరతరమునకు పెరుగుచు పోవు సంస్కృతి, అపరిచితులతో సహకారము, ధర్మాధర్మ విచారణ అనునవి వీనిలో ముఖ్యములు. నిటారుగ నడచుట, బొటనవ్రేలి అమరిక మొదలగు శారీరక భేదములు ఈ వ్యాసపరిధిలోనివి కావు (చూ. మానవ పరిణామము). ఆహారము, నిద్ర, భయము, సంతానేచ్ఛ అనునవి పశువులకును మనుష్యులకును సమానములేయని సంస్కృత సుభాషితము ఏనాడో చెప్పియుండుటచే, ఇచట విచారింపవలసినదెల్ల ఆ నాల్గింటిని దాటిన భాగమే.

పైని పేర్కొన్నవానిలో దేనిని విడదీసి చూచినను దాని ఛాయ ఏదో యొక జంతువునందు దొరకుచునే యున్నది. అవి యన్నియు ఒకచోట గుమిగూడి, ఒకదాని నొకటి పెంచుకొనుచుండుట మాత్రము మానవునియందే కనబడుచున్నది. ఈ కూడికను ప్రయోగశాలయందు కంటె జనులు చిరకాలముగ నివసించిన యొక సీమయందు గుర్తించుట సులభము గనుక, ఉదాహరణములు వీలైనంతవరకు బెజవాడనుండి బందరు, దివిసీమలవరకు వ్యాపించిన కృష్ణా డెల్టానుండి గ్రహింపబడినవి.

విచారణ చరిత్ర

మానవునకును పశువునకును గల భేదమును గూర్చిన అతిప్రాచీన విచారములలో ఐతరేయారణ్యకమునందలిది యొకటి. ఓషధులయందు, జంతువులయందు, మనుష్యునియందు ఆత్మ క్రమక్రమముగ అధికముగ వ్యక్తమగుచున్నదనియు, తెలిసినదానిని పలుకుటయు, రేపటిని ఎరుగుటయు మనుష్యునియందే కలవనియు, పశువులకు ఆకలిదప్పుల జ్ఞానము మాత్రమే యున్నదనియు దాని తాత్పర్యము. నేటి శాస్త్రజ్ఞులు భాషయనియు, కాలభావనయనియు వ్యవహరించు రెండు లక్షణములును అందు ప్రక్కప్రక్కనే యుండుట గమనింపదగినది. గ్రీకుదేశమున అరిస్టాటిల్ వివేకమును మానవలక్షణముగ నిరూపింపగా, 17వ శతాబ్దిలో డెకార్ట్ జంతువులు యంత్రసదృశములని వాదించెను.

ఈ అగాధమును పూడ్చినవాడు చార్లెస్ డార్విన్. మానవావతరణమును గూర్చి 1871లో ప్రకటించిన గ్రంథమున అతడు మానవ మనస్సునకును ఉన్నతజంతువుల మనస్సునకును గల భేదము ఎంత గొప్పదైనను పరిమాణభేదమే కాని జాతిభేదము కాదని ప్రతిపాదించెను. అతని అనుయాయులు కొందరు పెంపుడు కుక్కలకు మానవసహజములగు ఆలోచనలనెల్ల అంటగట్టుచుండగా, 1894లో లాయిడ్ మోర్గన్ ఒక నియమము నేర్పరచెను: తక్కువ స్థాయి చిత్తవ్యాపారముతో వివరింప వీలైన ప్రవర్తనకు ఎక్కువ స్థాయి వ్యాపారమును కారణముగ చెప్పరాదు. ఈ శాస్త్రము నేటికిని ఈ రెండు హెచ్చరికల నడుమనే నడచుచున్నది.

20వ శతాబ్దిలో పరిశీలనము గ్రంథములనుండి అడవికిని, ప్రయోగశాలకును మరలెను. వోల్ఫ్‌గాంగ్ కోహ్లర్ టెనెరిఫ్ ద్వీపమున చింపాంజీలు పెట్టెలను ఒకదానిపై నొకటి పేర్చి, పైన వ్రేలాడు అరటిపండ్ల నందుకొనుటను వర్ణించెను. 1960లో జేన్ గుడాల్ గోంబే అడవియందు చింపాంజీలు పుల్లల ఆకులు దూసి, వానిని చెదలపుట్టలలో జొనిపి చెదలను తినుచుండుట చూచినది. పనిముట్లు చేయు ప్రాణి మానవుడొక్కడే యను నిర్వచనము దానితో చెల్లక పోయినది. తరువాత న్యూ కాలెడోనియా కాకులు కూడ పనిముట్లు చేయునని తెలియవచ్చెను. ఈ విధముగ మానవుని గుత్తసొత్తులనుకొన్నవి యొకటొకటిగ సడలుచు వచ్చుటయే గడచిన నూరేండ్ల చరిత్రయని చెప్పిన అతిశయోక్తి కాదు.

భాష

జంతువులకు సంజ్ఞలు కలవు. తేనెటీగ తన నృత్యముచే పూలచెట్లున్న దిక్కును, దూరమును తోడియీగలకు తెలుపునని కార్ల్ ఫాన్ ఫ్రిష్ కనుగొని 1973లో నోబెల్ బహుమానమునకు పాత్రుడయ్యెను. ఆఫ్రికాయందలి వెర్వెట్ కోతులు చిరుతపులికి ఒక కేక, గ్రద్దకు ఒక కేక, పామునకు వేరొక కేక వేయునని 1980లో నిరూపింపబడినది. కాని ఈ కేకలను కలిపి కొత్త అర్థమును పుట్టించుటకాని, నిన్న వచ్చిన పులిని గూర్చియో, రాని పులిని గూర్చియో ముచ్చటించుటకాని వానికి సాధ్యము కాలేదు.

చింపాంజీలకు బధిరుల హస్తసంజ్ఞలను నేర్పు ప్రయత్నము అమెరికాలో 1966లో వాషో అను చింపాంజీతో ఆరంభమైనది. వాషో నూరుకు మించిన సంజ్ఞలను నేర్చినదని ప్రకటితమయ్యెను. అయితే నిమ్ అను మరియొక చింపాంజీని పెంచిన హెర్బర్ట్ టెరెస్, దాని చలనచిత్రములను మరల మరల పరిశీలించి, అది చాలవరకు బోధకుని సంజ్ఞలనే తిరిగి చేయుచున్నదనియు, ఏండ్లు గడచినను దాని పలుకుల నిడివి పెరుగలేదనియు 1979లో వెల్లడించెను. పసిబిడ్డ యట్లు కాదు. రెండవయేట రెండు మాటలు కూర్చువాడు నాల్గవయేటికి, తానెన్నడును విని యుండని వాక్యమును అలవోకగ పలుకును. గుడివాడ సంతలో నిన్న మనము చూచిన ఆవును కొన్న రైతు తమ్ముడు వచ్చినాడని చెప్పుటకు డెల్టాలోని బాలునకు ప్రయాస యుండదు. ఒక వాక్యము కడుపులో మరియొక వాక్యమును, దాని కడుపులో ఇంకొకదానిని ఇముడ్చు ఈ గర్భితనిర్మాణమే మానవభాషకు ప్రత్యేకమైన బీజమని హౌసర్, చోమ్‌స్కీ, ఫిచ్‌లు 2002లో వాదించిరి. అందరును ఈ వాదము నంగీకరింపలేదు. సంభాషణయందలి పరస్పరాభిప్రాయగ్రహణమే మూలమనియు, వ్యాకరణము దానినుండి పెంపొందినదనియు మరియొక పక్షము కలదు.

ఏకాగ్రత, ధారణ, నిగ్రహము (చూ. అవధానము)

స్మృతిశక్తిలో మానవుడు అన్ని జంతువులకంటె మిన్న కాడు. క్యోటో విశ్వవిద్యాలయమున అయుము అను యువ చింపాంజీ, తెరపై సెకనులో అయిదవవంతు కాలము మాత్రమే మెరసి మాయమైన అంకెల స్థానములను వరుసతప్పక చూపి, అచ్చటి విద్యార్థులను మించినదని 2007లో ప్రకటింపబడెను. తగిన అభ్యాసము పొందిన మానవులు ఆ వేగము నందుకొనగలరని తరువాత తేలినది. మొత్తముమీద మానవుని తాత్కాలికస్మృతి యిరుకైనదే: జార్జి మిల్లర్ 1956లో దాని పరిమితిని ఏడు అంశములకు అటునిటుగ నిర్ణయింపగా, తరువాతివారు దానిని నాల్గింటికే తగ్గించిరి.

ఇంతటి యిరుకు పాత్రతో మానవుడు ఏమి చేయగలడను ప్రశ్నకు తెలుగుదేశమున లభించు సమాధానము అవధానవిద్య. కృష్ణాతీరమున దీనికి విశేషప్రచారము కల్పించినవారు తిరుపతి వేంకటకవులు. వారిలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) బందరు హిందూ ఉన్నతపాఠశాలయందు తెలుగు పండితుడుగ నుండి శిష్యులను తీర్చినవాడు. నందమూరున జన్మించి, బెజవాడ కళాశాలలో బోధించి, 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమును పొందిన విశ్వనాథ సత్యనారాయణ ఆ శిష్యులలో ఒకడు.

అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు అవధాని చుట్టును కూర్చుందురు. ఒకరు సమస్య నిచ్చి పూరింపుమందురు. ఒకరు నాలుగు పదముల నిచ్చి, అవి పద్యమున పొసగునట్లు దత్తపదిని కోరుదురు. ఒకరు వర్ణన నడుగుదురు. ఒకరు ఆశువు చెప్పింతురు. నిషిద్ధాక్షరి నిచ్చువారు అవధాని పలికిన ప్రతి అక్షరము వెనుకను, అతడు తరువాత పలుకబోవునని తాము తలచిన అక్షరమును నిషేధింతురు. నడుమ నడుమ ఘంట మ్రోగుచుండును. ఆ మ్రోతల నతడు లెక్కింపవలెను. అప్రస్తుతప్రసంగము చేయువారు హాస్యోక్తులతో అతని ధ్యానమును చెదరగొట్టజూతురు. పద్యములలో ఒక్కొక్క ఆవృత్తియందు ఒక్కొక్క పాదము మాత్రమే చెప్పుచు నాలుగు ఆవృత్తులు ముగించి, తుదకు పద్యముల నన్నిటిని మొదటినుండి ధారణచేసి అప్పగించుటతో అవధానము పూర్తియగును. శతావధానమున పృచ్ఛకులు నూరుగురు.

మనస్తత్త్వశాస్త్ర దృష్టితో చూచినచో ఇందు మూడు శక్తులు ఏకకాలమున పనిచేయుచున్నవి. మొదటిది గుచ్ఛీకరణము: ఉత్పలమాలయందు పాదమునకు ఇరువది చొప్పున ఎనుబది అక్షరములున్నను, గణములు, పదియవ అక్షరమున యతి, రెండవ అక్షరమున ప్రాస అను కట్టుబాట్లచే అవి యెనుబది విడి అంశములు కాక, కొద్ది ఖండములుగ మారి యిరుకైన పాత్రలో ఇముడును. ఛందస్సు కవికి బంధనమని తలచువారు, ధారణకు అది చేయు సహాయమును గమనింపవలసియున్నది. రెండవది నిగ్రహము: నిషిద్ధాక్షరియందు సహజముగ నాలుకకు వచ్చినదానిని క్షణములో అణచి, వేరొక మార్గమును వెదకవలెను, మెదడునందు లలాటభాగముపై ఆధారపడిన ఈ శక్తి పసివారియందు క్రమముగ పెరుగుచు యౌవనమువరకు పక్వము కాదు. మూడవది విడిచిన పనిని విడిచినచోటనే తిరిగి చేపట్టుట. అయుము చేసినది కంటితో చూచినదానిని పట్టియుంచుట. అవధాని యింకను లేని పద్యమును నిర్మించుచు, సగము నిర్మించిన పద్యములను కొన్నిటిని మనస్సున నిలిపియుంచుచున్నాడు. అంతకంటెను ముఖ్యముగ, ఎనమండుగురు అడ్డుపడుటకును, ఒకడు అడ్డంకులను దాటుటకును, సభ యెల్ల ఆనందించుటకును ముందుగనే సమ్మతించియుండుట మరియే జంతువుల క్రీడయందును కానరాదు.

పరమనోగ్రహణము (చూ. కూచిపూడి, భామాకలాపము)

ఎదుటివాని మనస్సున తనదానికంటె వేరైన జ్ఞానము, కోరిక, పొరపాటు ఉండవచ్చునని గుర్తించుట పరమనోగ్రహణము. చింపాంజీకి ఈ శక్తి కలదాయను ప్రశ్నను ప్రెమాక్, వుడ్రఫ్‌లు 1978లో లేవదీసిరి. 1983లో విమ్మర్, పెర్నర్‌లు పిల్లలకొక కథ చెప్పిరి: బాలుడు అలమారలో మిఠాయి దాచి బయటికి పోగా, తల్లి దానిని వేరొకచోట పెట్టినది, తిరిగివచ్చి బాలుడెచట వెదకును? మూడేండ్లవారు మిఠాయి యిప్పుడున్న చోటును చూపుదురు. నాలుగైదేండ్లవారు బాలుడు పొరపాటుగ తలచు చోటును చూపుదురు. చిరకాలము ఇది మానవులకే సాధ్యమనుకొనబడినది. 2016లో చింపాంజీలు, బొనోబోలు, ఒరాంగుటాన్ల కంటిచూపును యంత్రముతో అనుసరించిన పరిశోధకులు, పొరబడిన మనుష్యుడు వెదకబోవు స్థలమువైపు అవి ముందుగనే చూచుచున్నవని కనుగొనిరి. చూపు మాత్రమే జ్ఞానమునకు నిదర్శనమగునాయను తర్కము ముగియలేదు.

మానవునియందు ఈ శక్తి పొరలుపొరలుగ పెరుగును. మొవ్వ సమీపమున నున్న కూచిపూడి గ్రామమున సిద్ధేంద్రయోగి సంప్రదాయముగ తరతరములనుండి ఆడబడుచున్న భామాకలాపము ఇందుకు తగిన నిదర్శనము. పురుషుడు సత్యభామ వేషము ధరించును. ఆమె తన జడను తెరపై వేసి ప్రవేశించి, తనకు సాటి లేరని గర్వించును. శ్రీకృష్ణుడు తన గర్వమునకు అలిగెనని తలచి విరహమున వేగును. అతని మనస్సు కరగునట్లు లేఖ వ్రాయును. సూత్రధారుడే ఆమె చెలికత్తె మాధవియై పరిహాసమాడును. ప్రేక్షకుడు ఏమి చేయుచున్నాడు? నటుడు పురుషుడని ఎరిగియు ఆ యెరుకను ప్రక్కనబెట్టి, తన్ను గూర్చి కృష్ణుడేమనుకొనుచున్నాడో సత్యభామ ఊహించుచున్నదనియు, ఆ ఊహ నెరిగియే మాధవి ఆమెను ఆటపట్టించుచున్నదనియు గ్రహించుచున్నాడు. ఒకని మనస్సులో మరియొకని మనస్సు, దానిలో వేరొకటి. సాధారణముగ అయిదు పొరలవరకు మానవుడు తడబడక పోగలడని పరిశోధకుల అంచనా. సత్యభామ, ఉష మొదలగు స్త్రీపాత్రలకు ప్రసిద్ధుడైన వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) వేషమున రంగస్థలమున నిలిచినపుడు స్త్రీలుసైతము భ్రమపడిరని చెప్పుట వాడుక. ఆ భ్రమయు, అది భ్రమయను తెలివియు ఒకేచోట నిలుచుటయే ఇట గమనింపవలసినది.

కపటము, అబద్ధము, ఓదార్పు, హాస్యము, సిగ్గు అనునవి యన్నియు ఈ శక్తి సంతానమే. ఎర్రబడు మొగమును డార్విన్ మానవ భావప్రకటనలన్నింటిలో మానవునకే ప్రత్యేకమైనదిగ భావించెను. అద్దములోని ప్రతిబింబమును తనదిగ గుర్తించుట మాత్రము మానవునికే పరిమితము కాదు: 1970లో గ్యాలప్ చింపాంజీలయందును, తరువాత ఇతరులు ఏనుగునందును, మాగ్‌పై పక్షియందును దీనిని చూపిరి.

కాలభావన (చూ. కృష్ణా ఆనకట్ట, డొక్కల కరువు, తుపానులు)

జరిగిన సంఘటనలను తిరిగి అనుభవించునట్లు స్మరించుటను ఎండెల్ టుల్వింగ్ 1972లో వేరొక స్మృతిరూపముగ గుర్తించి, అదియే భవిష్యత్తును చిత్రించు శక్తికిని ఆధారమని తరువాత ప్రతిపాదించెను. అమెరికాలోని స్క్రబ్ జే పక్షులు తాము ఏ ఆహారమును ఎచట, ఎంతకాలము క్రితము దాచినవో ఎరుగునని 1998లో తేలినది. స్వీడనులోని యొక జంతుశాలలో శాంటినో అను చింపాంజీ ఉదయము రాళ్లను ప్రోగుచేసి, తరువాత వచ్చు సందర్శకులపై రువ్వుటకై నిలువయుంచినట్లు 2009లో ప్రకటింపబడినది. ఇవి ముందుచూపు యొక్క అంకురములు. గంటలో, దినములో, ఒక ఋతువో వీని పరిమితి.

కృష్ణా ఆనకట్ట చరిత్ర ఈ పరిమితిని మానవుడెంత దూరము దాటెనో చూపును. నందననామ సంవత్సరమున, అనగా 1832–33లో, గుంటూరు మండలమును క్షామము కబళించినది. డొక్కల కరువని జనులు నేటికిని చెప్పుకొను ఆ విపత్తునందు వేలకువేల ప్రజలు మరణించిరి. నది ప్రక్కనే ప్రవహించుచుండగ పొలములు ఎండుట చూచినవారి స్మృతి, సర్ ఆర్థర్ కాటన్ మొదలగు ఇంజనీర్ల వాదములకు బలమిచ్చినది. బెజవాడ యింద్రకీలాద్రికిని, ఆవలియొడ్డున సీతానగరపు కొండకును నడుమ కెప్టెన్ ఓర్ పర్యవేక్షణమున 1852లో ఆరంభమై 1855లో ఆనకట్ట ముగిసెను. గడచిన కరువు రాబోవు కరువునకు సూచనయగుట, ఇంకను పుట్టని పంటకై రాళ్లు మోయుట, తాము చూడని మనుమల పొలములకై కాలువలు త్రవ్వుట అనునవి ఒక కార్యమున కలిసినవి. 1952లో ఆనకట్ట తెగగా, దాని స్థానమున 1957లో ప్రకాశం బారేజి వెలసినది. దాని క్రింద సుమారు పన్నెండు లక్షల ఎకరములు సాగగుచున్నవి.

ఇదే శక్తి సామాన్యజీవనమున ఎన్నో రూపములలో కనబడును. జ్యేష్ఠపూర్ణిమనాడు ఏరువాక సాగుట, కరువు వచ్చినను విత్తనపు గాదెను ముట్టకుండుట, బృహస్పతి కన్యారాశి ప్రవేశమును గణించి పండ్రెండేండ్ల కొకమారు కృష్ణాపుష్కరములు జరుపుట – 2004, 2016లలో జరిగినవి – కాలమును చక్రముగను, రేఖగను ఒకేమారు భావింపగల మనస్సునకు లక్షణములు.

ముందుచూపునకు మూల్యము కలదు. మరణము తప్పదని బ్రతికియుండగనే ఎరుగుట అట్టి మూల్యములలో ప్రధానమైనది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచి సుమారు ముప్పదివేలమందిని బలిగొన్నది. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో పదివేలకు పైగా ప్రజలు మరణించిరి. ఏనుగులు తమ తోడిమృతుల యెముకలను తడుముట, చింపాంజీ తల్లి మరణించిన పిల్లను రోజులకొలది మోయుట పరిశీలకులు వర్ణించియున్నారు; కాని ఏటేట మరణతిథినాడు కూడి మృతులను స్మరించుట, స్మారకస్తూపము నిలుపుట, తాము పుట్టకముందు పోయినవారికి తర్పణము విడుచుట జంతువులయందు గుర్తింపబడలేదు. నవంబరు మాసమున మేఘము కమ్మినపుడు తీరవాసుల గుండె లదరుట కూడ ఈ శక్తి ఫలమే. భవిష్యత్తును చూడలేని ప్రాణికి ఆందోళన అను వ్యాధి యుండదు.

ప్రతీకలు, క్రీడ

ఒక వస్తువును మరియొకదానికి గుర్తుగ నిలిపి, సమాజ మంతయు ఆ గుర్తునకు కట్టుబడుట ప్రతీకాకల్పనము. పసిబిడ్డ రెండవయేటినుండి పుల్లను గుఱ్ఱముగ నడపును. కొండపల్లిలో తెల్లపొణికి కఱ్ఱతో చెక్కిన అంబారీ యేనుగు, కల్లుగీతకాడు, దశావతారములు సంక్రాంతి బొమ్మలకొలువున చేరినపుడు పెద్దలును ఆ క్రీడలో పాలుపంచుకొందురు.

1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో బెజవాడలో సమావేశమైన అఖిలభారత కాంగ్రెసు సంఘసభకు వచ్చిన గాంధీకి, బందరు సమీపమున భట్లపెనుమర్రున జన్మించిన పింగళి వెంకయ్య ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండా నమూనాను సమర్పించెను. దానికి తెలుపును, రాట్నమును చేర్చవలెనన్న సూచనతో ఆ వస్త్రము క్రమముగ మారుచు 1947 జూలై 22న రాజ్యాంగసభ అంగీకరించిన పతాకమునకు పూర్వరూపమైనది. అద్దకపు గుడ్డగ దానికి విలువ అణాలలోనే యుండును. దానికై లాఠీదెబ్బలు తినుటకు, చెరసాలకు పోవుటకు జనులు సిద్ధపడుట ఏ యితర జంతువునకును వివరింపజాలని విషయము.

వ్రాత ప్రతీకలలో మిక్కిలి ఫలవంతమైనది. భట్టిప్రోలు స్తూపమున 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వకములలో బయల్పడిన ధాతుకరండములపై బ్రాహ్మీలిపి భేదముతో లిఖింపబడిన శాసనములు, కుబేరకుడను రాజును, ధాతునిక్షేపమునకు పూనుకొన్న గోష్ఠిసభ్యుల పేర్లను నేటికిని తెలుపుచున్నవి. క్రీస్తుపూర్వపు వారి స్మృతి ఇరువది శతాబ్దులు తలలకు వెలుపల రాతిలో నిలిచినది.

బోధన, సంచిత సంస్కృతి

జపానులోని కోషిమా ద్వీపమున 1953లో ఒక ఆడకోతి చిలగడదుంపను నీట కడిగి తినగా, ఆ అలవాటు క్రమముగ మందలో వ్యాపించినది. మీర్‌కాట్లు పిల్లలకు ముందు చచ్చిన తేలును, తరువాత కొండి తీసిన తేలును, ఆ పిమ్మట సజీవమైనదానిని ఇచ్చి వేట నేర్పునని 2006లో నిరూపింపబడినది. కావున అనుకరణయు, బోధనయు అన్యత్ర లేకపోలేదు. లేనిది సంచయము. కొల్లేటి గట్టుల తుమ్మచెట్లపై గిజిగాడు అల్లిన గూడు అపూర్వశిల్పమే. పక్షి అభ్యాసముచే కొంత మెరుగుపడును. అయినను నేటి గూడు దాని పూర్వీకుల గూటికి కొత్త అంతస్తును చేర్చినది కాదు. మానవుడు తండ్రి ఆగినచోట ఆరంభించుచున్నాడు. మైకేల్ టొమసెల్లో దీనిని వెనుకకు తిరుగని పళ్లచక్రముతో పోల్చెను.

ఇందుకు విచిత్రమైన యొక ఆధారము దొరకినది. 2005లో హార్నర్, వైటెన్‌లు ఒక పెట్టెను తెరచి లోపలి తినుబండారమును తీయు విధమును, అనవసరపు చేష్టలు కలిపి, చింపాంజీలకును పిల్లలకును చూపిరి. పెట్టె పారదర్శకమై, ఆ చేష్టలు నిష్ప్రయోజనములని కనబడినపుడు చింపాంజీలు వానిని విడిచిపెట్టినవి. పిల్లలు మాత్రము ఉన్నదున్నట్లు చేసిరి. చూడ బుద్ధిహీనముగ కనబడు ఈ అత్యనుకరణమే సంస్కృతికి కాపలాదారు. కూచిపూడి బాలుడు అడుగునకు, హస్తమునకు, చూపునకు కారణ మడుగక గురువు వెంట చేయుచు పోవును. అర్థము తరువాత తెలియును. పెడన కలంకారీ పనివారు కరక్కాయ నీటిలో గుడ్డను నానబెట్టుటలో ఏ రసాయనవ్యాపార మున్నదో ఎరుగనక్కరలేకయే తరములుగ రంగును నిలిపిరి. కారణము తెలిసినవానినే గ్రహించువాడు కారణము తెలియని జ్ఞానమునెల్ల కోల్పోవును.

సంచయము గ్రంథరూపము దాల్చినపుడు విజ్ఞానసర్వస్వము లేర్పడును. కృష్ణామండలమున పెనుగంచిప్రోలునందు జన్మించిన కొమర్రాజు లక్ష్మణరావు (1877–1923) తెలుగున అట్టి గ్రంథమునకు పూనుకొని, దానిని ముగింపకయే మరణించెను; ఆ పనిని తరువాతివారు చేపట్టిరి.

సహకారము, ధర్మభావము

చీమలు, తేనెటీగలు వేలు, లక్షల సంఖ్యలో సహకరించుచున్నను వానిది రక్తసంబంధముపై నిలిచిన వ్యవస్థ. చింపాంజీలు పరిచితులతో మాత్రమే కూడును. 2007లో హెర్మన్ మొదలగువారు రెండున్నరయేండ్ల పిల్లలను చింపాంజీలతోను, ఒరాంగుటాన్లతోను పోల్చి, వస్తువులు, సంఖ్యలు, స్థలములకు సంబంధించిన పరీక్షలలో పిల్లలు చింపాంజీలకు సమానముగ మాత్రమే నిలిచిరనియు, పరులనుండి నేర్చుట, చూపును సైగను గ్రహించుట మొదలగు సాంఘికపరీక్షలలో బాగుగ మించిరనియు చూపిరి. బిడ్డ వ్రేలితో చంద్రుని చూపునపుడు దానిని కోరుటలేదు. తాను చూచుచున్నదానిని మరియొకరును చూడవలెనని మాత్రమే కోరుచున్నది.

కాలువనీటి పంపకము వయోజనుల సహకారమునకు కఠినపరీక్ష. తూముదగ్గర నున్న రైతు అధికముగ తీసికొన్న, శివారు ఆయకట్టున నున్నవాని నారుమడి ఎండును; వారిరువురు ఒకరి మొగమొకరు చూడకపోవచ్చును. వంతులు, లస్కర్లు, జరిమానాలు, ఊరిపెద్దల తీర్పులు, 1997 శాసనముచే ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘములు ఈ చిక్కును పరిష్కరించుటకై పుట్టినవి. తనకు నష్టము లేకున్నను అన్యాయము చేసినవానిని శిక్షింపగోరుట యిందలి మనోలక్షణము. తోటిదానికి ద్రాక్షపండు నిచ్చి తనకు దోసకాయముక్క నిచ్చిన కపుచిన్ కోతి దానిని నిరాకరించుట 2003లో వర్ణింపబడినది. అది తన పాలిని గూర్చిన కోపము. ఇతరుల పాలినిగూర్చి ఇతరులతో వాదించుట మానవధర్మము. ఈ సహకారమే వర్గములుగ కూడి దూరస్థులపై ద్వేషమును ముందుగ పన్నుటకును సాధనమగుచున్నది కావున, దీనిని కేవల సద్గుణముగ వర్ణించుట సమంజసము కాదు.

అదృశ్యశక్తులయందలి విశ్వాసమును కొందరు ఈ శీర్షికక్రిందనే చేర్చుదురు. ఇంద్రకీలాద్రిపై కనకదుర్గ, గుణదల కొండపై మేరీమాత ఉత్సవములకు లక్షలజనము చేరు నగరమునందే, గోరా (గోపరాజు రామచంద్రరావు, 1902–1975) 1940లో ముదునూరున స్థాపించిన నాస్తికకేంద్రము 1947నుండి నెలకొనియున్నది. కనబడనిదానిని నమ్ముటయు, నమ్మకమును ప్రశ్నించి నిరాకరించుటయు రెండును జంతువులకు లేనివే.

దేహాధారము

మానవుని మెదడు సుమారు 1,350 గ్రాములు. చింపాంజీది సుమారు 400. మానవుని మెదడున 8,600 కోట్ల నాడీకణములున్నవని 2009లో లెక్కింపబడినది. ఏనుగు మెదడు ఇంతకంటె పెద్దది గనుక బరువొక్కటియే కారణము కాదు. దీర్ఘమైన బాల్యము, ఆ కాలమున తల్లిదండ్రులేకాక అమ్మమ్మలు, బంధువులు కూడ బిడ్డను సాకుట ముఖ్యకారణములుగ భావింపబడుచున్నవి.

వివాదాంశములు

ఈ రంగమున చేయబడిన పోలికలు చాలవరకు అసమానములని విమర్శ కలదు. పిల్లలు తల్లియొడిలో, స్వజాతివారిచే పరీక్షింపబడుదురు. వానరములు బోనులో, పరజాతివారిచే పరీక్షింపబడును. పాశ్చాత్యదేశముల విద్యావంతులనుండి గ్రహించిన ఫలితములను మానవజాతికంతకును అన్వయించుట సరికాదని హెన్రిక్ ప్రభృతులు 2010లో ఎత్తిచూపిరి. మానవసాంగత్యము జంతువుల శక్తులను మార్చుననుట మరియొక చిక్కు: చూపుడువ్రేలి సైగను గ్రహించుటలో పెంపుడుకుక్క చింపాంజీని మించుచున్నది. దక్షిణదేశపు కోతులు బందీపుర అరణ్యమున మనుష్యులను చూచి కూతపెట్టి, చేయిచాచి ఆహారమును అడుగుచున్నవని 2018లో వర్ణింపబడినది. ఈ సైగలు మనుష్యుల నడుమ నలిగిన తరువాత అలవడినవే కావచ్చును.

మానవునికిని నేటి జంతువులకును గల యెడమును కొలుచునపుడు, నడిమి మెట్లు నశించినవను సంగతిని కూడ పరిగణింపవలెను. నియాండర్తాల్ మానవులు సుమారు 40,000 ఏండ్ల క్రితమువరకు జీవించి, నిప్పును వాడి, పనిముట్లు చేసి, మృతులను కొన్నిచోట్ల పూడ్చిపెట్టిరి. వారు నేడు సజీవులై యుండినచో, పైని వర్ణించిన లక్షణములలో ఎన్ని మానవమాత్ర లక్షణములుగ నిలుచునో చెప్పుట కష్టము.